గీత దాటిన రైస్ కుక్కర్

2022 ఫిబ్రవరి మొదటి వారంలో నేను దుబాయ్‌లోని అల్ వర్సాన్‌లో ఒక అల్యూమినియం, గ్లాసు కంపెనీ యార్డులో మొబిలైజేషన్ ఆఫీసరుగా ఉన్నాను. నలుగురు మనుషుల్నీ, పద్నాలుగు పెట్టెల సామాన్నీ కరేబియన్ సముద్రంలోని సెయింట్ మార్టిన్ అనే దీవికి పంపాలని ఆ వారంలోనే ఆర్డరు వచ్చింది. ఆ దీవిని నేను ఈనాటికీ చూడలేదు. అందులో నాలుగు వందల మీటర్ల రోడ్డు గురించి మాత్రం ఎవరైనా అడిగితే, ఎక్కడ గుంత ఉందో, ఏ గేటు ముందు కుక్క పడుకుంటుందో చెప్పగలను.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ల తల నెరిసి ఉంటే బాగుంటుంది. నేను ముప్పై రెండో ఏట రిటైరయ్యాను. మా కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. వాళ్ల దగ్గర అప్పటికే ఒక మొబిలైజేషన్ ఆఫీసరు ఉన్నాడు, అతను కుర్చీలోంచి లేవలేదు. ప్రస్తుతం దుబాయ్‌లోనే కరామాలో ఒక టైపింగ్ సెంటర్‌లో కూర్చుని జనం అర్జీలు టైపు చేస్తున్నాను. పాత వృత్తి నుంచి పూర్తిగా తప్పుకున్నాను గనక, దాని గురించి పెద్దమనిషి గొంతుతో రాసే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

మొబిలైజేషన్ అనే మాట వింటే సైన్యాన్ని యుద్ధానికి తరలిస్తున్నట్టు ఉంటుంది. మా దగ్గర దాని అర్థం వేరు. ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా మనిషి చేతిలో డ్రిల్లు మిషనుతో, పాస్‌పోర్టులో వీసాతో, ఒంట్లో జ్వరం లేకుండా నిలబడి ఉండేట్టు చూడటం. దానికి ఇరవై రెండు వరసల చెక్ లిస్టు ఉండేది. వీసా, పని అనుమతి, టికెట్టు, ఇన్సూరెన్సు, మెడికల్, బస, పనిముట్ల జాబితా, అలా వరసకొకటి. ఇరవై రెండూ టిక్కు పడితేనే మనిషి కదలాలి. సైటులో హోదాలు కింద నుంచి పైకి హెల్పరు, ఫిట్టరు, ఫోర్‌మన్, ఇంజినీరు, ఆపైన ప్రాజెక్ట్ మేనేజరు. ఆయన్ని అందరం ముదీర్ అనేవాళ్లం. ఈ నిచ్చెనలో నాకు మెట్టు లేదు. నిచ్చెనను కిందనుంచి పట్టుకునే మనిషిని నేను.

పని పెద్దదేం కాదు. ఆ దీవిలో ఒక హోటల్‌కు ఎప్పటి తుఫానులోనో బాల్కనీ తలుపులు ఎగిరిపోయాయట. దుబాయ్‌లో మేము అద్దాలు బిగించిన ఒక టవర్, ఆ హోటల్ రెండూ ఒకే యజమాని ఆస్తి. ఆయనకు మా తలుపులు నచ్చాయి. తలుపులు ఓడలో ముందే వెళ్లిపోయాయి. నలభై రెండు స్లైడింగ్ తలుపులు, ఇరవై ఎనిమిది రోజుల వీసా. పంపాల్సిన నలుగురిలో ఫోర్‌మన్‌గా ముదీర్ నర్సయ్యను ఎంచాడు.

నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె. యాభైకి దగ్గర్లో ఉంటాడు. మేమంతా నర్సన్న అనేవాళ్లం. తలుపు చట్రం నిటారుగా ఉందో లేదో లెవెల్ గొట్టం పెట్టకుండా కంటితో చెప్పేవాడు. తర్వాత గొట్టం పెట్టి, గొట్టం కూడా ఒప్పుకుందని చెప్పేవాడు. ఆయన పాత కథ మా లేబర్ క్యాంపులో అందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలేసి, కాగితాలు లేకుండా ఆరేళ్లు బయట పని చేశాడు. అలాంటివాళ్లను ఇక్కడ ఖల్లివెల్లి అంటారు. ఆ ఆరేళ్లలో ఊళ్లో తండ్రి పోతే వెళ్లలేకపోయాడు. చివరికి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించిన ఒక ఆమ్నెస్టీలో వేలిముద్రలిచ్చి ఇంటికి చేరి, కొన్నేళ్లకు సక్రమమైన వీసా మీద మళ్లీ వచ్చాడు. అప్పటి నుంచి ముద్ర లేని కాగితాన్ని ముట్టుకోడు. క్యాంటీన్ కూపన్ మీద ముద్ర సరిగ్గా పడకపోయినా వెనక్కిచ్చేవాడు.

మార్చి మధ్యలో ఆయనకు లీవ్ ఉంది. పని ఒప్పుకునే ముందు నా ఆఫీసుగా ఉన్న పోర్టా క్యాబిన్‌కు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, మూడు ప్రశ్నలడిగాడు.

"అది ఎవల దేశం సార్?"

"నెదర్లాండ్స్ వాళ్లది" అన్నాను, గూగుల్ అంత ధైర్యంగా.

"ముద్ర యాడ ఏస్తరు?"

"ఎయిర్‌పోర్టులో."

"మళ్ల దుబాయ్ వచ్చేటాల్లకు నా పాస్‌పోర్టు మీద మచ్చ ఉండది గద? ఎందుకంటే సార్, ఈపారి ఇరుక్కున్నవంటే ఫోన్ గూడ ఎత్త అన్నది మా ఇంటామె. ఆమె అన్నదంటే అన్నట్టే."

మచ్చ ఉండదని హామీ ఇచ్చాను. హామీలివ్వడం చెక్ లిస్టులో లేదు, అది నా సొంత ఉత్సాహం.

బస కూడా నేనే చూశాను. హోటల్ ఇంకా తెరవలేదు కాబట్టి పక్కన ఎక్కడైనా వంటిల్లు ఉన్న ఇల్లు కావాలి. ఫోన్ మ్యాపులో హోటల్‌కు నాలుగు వందల మీటర్ల దూరంలో రోజలీ అనే ఆవిడ అద్దెకిచ్చే చిన్న ఇల్లు కనిపించింది. రెండు గదులు, గ్యాసు పొయ్యి, వెనక నిమ్మచెట్టు. వెంటనే బుక్ చేసి, 'బస' అనే వరసలో టిక్కు పెట్టాను. హోటల్‌కీ ఆ ఇంటికీ మధ్య మ్యాపులో ఒక చుక్కల గీత ఉంది. అది కాలిబాట అనుకున్నాను. నడిచి వెళ్లేవాళ్లకు సౌకర్యంగా ఉంటుందని సంతోషించాను కూడా.

నలుగురూ ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారి దిగారు. అక్కడ మధ్యాహ్నం అయితే ఇక్కడ రాత్రి భోజనాల వేళ. ముందుగా నర్సన్న నుంచి ఫోటో వచ్చింది. పాస్‌పోర్టు పేజీ, దాని మీద తడి ఆరని ముద్ర. "పడ్డది" అని కింద ఒక్క మాట. నేను బొటనవేలు గుర్తు పంపి పరాటా ఆర్డరిచ్చాను. పరాటా రాకముందే వాయిస్ మెసేజ్ వచ్చింది.

"సార్, గీడ బోర్డు మారింది. జెండా మారింది. వ్యాన్ ఆపిచ్చిన."

వెనక నుంచి ఎవరో పగలబడి నవ్వుతున్నారు. అది వ్యాన్ డ్రైవరని తర్వాత తెలిసింది. జరిగిందేమిటంటే, ఆ దీవి ఒక్కటే అయినా దేశాలు రెండు. దక్షిణం సగం నెదర్లాండ్స్‌ది, ఉత్తరం సగం ఫ్రాన్స్‌ది. ఇటు డాలర్లు, అటు యూరోలు. ఇటు ఎక్కువగా ఇంగ్లిష్, అటు ఫ్రెంచ్. రెంటికీ మధ్య రోడ్డు పక్కన ఒక బోర్డు, అంతే. గేటు లేదు, గార్డు లేడు, తాడు కూడా లేదు. వందల ఏళ్ల నాటి ఒప్పందం ప్రకారం అక్కడి జనం రెండు దేశాల్లోనూ ఒకే ఇంట్లో తిరిగినట్టు తిరుగుతారు. నేను కాలిబాట అనుకున్నది ఆ గీతే.

నర్సన్న వ్యాన్ ఆపించి అందర్నీ దింపాడు. నలుగురూ బోర్డు ముందు వరసలో నిలబడ్డారు, కుడిచేతిలో పాస్‌పోర్టు, ఫోటో ఉన్న పేజీ తెరిచి. ఇన్నేళ్లలో వాళ్లు దాటిన ప్రతి సరిహద్దులోనూ అలాగే నిలబడ్డారు మరి. కౌంటర్ ఎక్కడుందని నర్సన్న డ్రైవర్ని హిందీలో అడిగాడు. డ్రైవరు ఇంగ్లిష్‌లో నో కౌంటర్ అన్నాడు. లంచ్‌కు పోయారేమో, ఆగుదాం అన్నాడు నర్సన్న. ఇరవై నిమిషాలు ఆగారు. ఈలోపు ఒక మేక ఫ్రాన్స్ నుంచి నెదర్లాండ్స్‌కు వచ్చి, గడ్డి నచ్చక తిరిగి వెళ్లిందని జట్టులోని ఫిట్టరు శ్రీను నాకు ప్రత్యేకంగా మెసేజ్ పెట్టాడు. శ్రీనుది గోదావరి జిల్లా. ఏ ఆపదలోనైనా చూడ్డానికి ఏముందో ముందు చూసే రకం.

నేను పరాటా వదిలేసి వీసా కాగితాలు తిరగేశాను. చెల్లుబాటు నెదర్లాండ్స్ వైపు మాత్రమే అని స్పష్టంగా ఉంది. అంటే నేను మనుషులకు ఒక దేశంలో వీసా తీసి, మంచాలు ఇంకో దేశంలో వేయించాను. ఈ పని ఇరవై రెండు టిక్కులు పెట్టి మరీ చేశాను.

"నర్సన్నా, అక్కడ ఎవరూ అడగరట. అందరూ రోజూ దాటుతారట. ఈ ఒక్క రాత్రికి వెళ్లి పడుకోండి" అని మెసేజ్ పెట్టాను.

జవాబు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. గొంతులో కోపం లేదు.

"ఆరేండ్లు నన్ను గూడ ఎవ్వలు అడగలె సార్. అడిగిన దినమే ఎరుకైంది."

ఆ రాత్రికి హోటల్ మేనేజర్ని బతిమాలి, పనిలో ఉన్న హోటల్లోనే రెండు గదులు ఇప్పించాను. గోడలున్నాయి, నీళ్లున్నాయి, బాల్కనీ తలుపులు లేవు. వాటిని బిగించడానికే కదా వచ్చింది అనుకుని పడుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, అంటే అక్కడ పొద్దున ఏడింటికి, శ్రీను ఫోన్ చేశాడు. దుబాయ్ నుంచి మోసుకుపోయిన రైస్ కుక్కర్ గురించి.

"అన్నం నానుతుంది గానీ ఉడకట్లేదండి. రాత్రి పెట్టాం. లైటు వెలుగుతుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, పసిపిల్లకి నీళ్లు పోయొచ్చు."

"పాడైపోయిందేమో?"

"అదొక్కటే అయితే అలాగే అనుకుందుమండి. డ్రిల్లు బ్యాటరీల చార్జర్లు కూడా పలకట్లేదు. నాలుగూ ఒకేసారి కూడబలుక్కుని పాడవ్వవు కదండీ."

మా పనిముట్లన్నీ రెండు వందల ఇరవై వోల్టులవి. నెదర్లాండ్స్ వైపు కరెంటు నూట పది. ఫ్రాన్స్ వైపు రెండు వందల ఇరవై. దీవి ఒక్కటే, రోడ్డు ఒక్కటే, కరెంటు రెండు. ఈ సంగతి నా ఇరవై రెండు వరసల్లో లేదు. పావుకిలో బియ్యం కనిపెట్టింది. పరిస్థితిని ఒక్క ముక్కలో చెప్పాలంటే, మనుషులకు ఇటు వీసా ఉంది, మిషన్లకు అటు కరెంటు ఉంది.

మామూలు దారులన్నీ వెతికాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే అమెరికా నుంచి ఓడలో రావాలి, పది రోజులు. అక్కడి మిషన్లు అద్దెకు అడిగితే రెండు దొరికాయి. వాటిలో ఒకటి అసలు తిరగలేదు, రెండోది కాంక్రీటులో దిగలేదు గానీ పట్టుకున్నవాడి భుజం నొప్పి పోయిందట. ముదీర్ దగ్గరకు వెళ్లాను. ఆయన విషయమంతా విన్నాడు. ఫ్రాన్స్ వైపు ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని, అక్కడే పడుకుని, పొద్దున్నే వచ్చి పని చేయమను, ఎవడు చూస్తాడు, యల్లా, కానివ్వు అన్నాడు. నర్సయ్య ఒప్పుకోడని చెప్పాను. ఒప్పుకోకపోతే టికెట్టు తీసి వెనక్కి పిలిపించు, శ్రీనును ఫోర్‌మన్ చెయ్యి, ఖలాస్ అన్నాడు.

పని మధ్యలో వెనక్కి పిలిపించడమంటే కాంట్రాక్టు రద్దుకు మర్యాదపూర్వకమైన పేరు. రద్దయితే మార్చి లీవ్ లీవ్‌గా ఉండదు, వన్ వే టికెట్టు అవుతుంది. నర్సన్నకు నేనిచ్చిన హామీ గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బాగుండేది. అయినా ముదీర్ మాట చేరవేయడం నా డ్యూటీ, చేరవేశాను. గీత దాటమన్నారు, లేకపోతే ఇలా అంటున్నారు, అని ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పేటప్పుడు "అన్నారు" అనే మాట నాలుగుసార్లు వాడాను, నేను కాదని తెలియడానికి.

నర్సన్న జవాబు పది సెకన్లు.

"మంచిది సార్. గా మాటనే కంపెనీ లెటర్ హెడ్ మీద రాసి, సంతకం జేసి, ముద్ర ఏసి పంపుమను. ఇప్పుడే దాటుత."

న్యాయమైన కోరికే. నాలుగు లైన్ల లెటర్ టైపు చేశాను. 'వీసా లేని ప్రాంతంలో బస చేయవలసిందిగా ఇందుమూలంగా ఆదేశించడమైనది.' ప్రింటు తీసి, సీలు ప్యాడు కూడా పట్టుకుని ముదీర్ గదికి వెళ్లాను. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. పెన్ను మూత తీసి, మూత పెట్టాడు. ఆ క్షణాన ఆయనకు ఒక మీటింగ్ గుర్తొచ్చింది. లెటర్ నా చేతికిచ్చి, రేపు మధ్యాహ్నం లోపు పరిష్కారం చూడు, లేకపోతే టికెట్టు బుక్ చెయ్యి అని చెప్పి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు. ఫోన్ మోగినట్టు నాకైతే వినపడలేదు.

మర్నాడు మూడయ్యేసరికి తిరుగు టికెట్టు స్క్రీన్ మీద సిద్ధంగా ఉంది. ఒక్క నొక్కు చాలు. నర్సన్నకు ముందు మాటమాత్రంగా చెప్పాలని ఫోన్ తీశాను. ఆయన మెసేజే ముందొచ్చింది.

"సార్, అన్నం ఉడికింది."

సంగతేమిటంటే, బుక్ చేసిన నలుగురు ఎందుకు రాలేదో తెలుసుకుందామని రోజలీ గారు నడుచుకుంటూ వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. మొదటి రోజు నలుగురు మగవాళ్లు పాస్‌పోర్టులు పట్టుకుని బోర్డుకు దండం పెడుతున్నట్టు నిలబడటం ఆమె తన గేటు దగ్గర్నుంచి చూసిందట, ఏదో మొక్కు అనుకుందట. ఇప్పుడు హోటల్ దగ్గరకొచ్చి కుక్కర్ మూత తీసి, ఉడకని బియ్యం వైపు, తర్వాత వీళ్ల మొహాల వైపు చూసింది. ఏ భాషలోనైనా ఆ చూపుకు ఒకే అర్థం. కుక్కర్ చంకన పెట్టుకుని ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. అరగంటలో పొగలు కక్కుతున్న అన్నంతో తిరిగి గీత దగ్గరకు వచ్చింది.

నర్సన్న అన్నం వైపు చూశాడు, తర్వాత బ్యాటరీల వైపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"సార్, కుక్కర్ పోయొచ్చింది గద. బ్యాటరీ పోతే ఏమన్న అయితదా?"

పాత ఒప్పందం ప్రకారం సరుకులు అటూ ఇటూ తిరగొచ్చని చూసి చెప్పాను.

"అయితె పోనియ్. బ్యాటరీని ఎవలు జైల్ల ఏస్తరు? దానికి ఇంటామె గూడ లేదు."

తిరుగు టికెట్టు పేజీ మూసేశాను. ఆ రోజు నుంచి అదొక పద్ధతి అయింది. సాయంత్రం అయిదింటికి నర్సన్న గీతకు ఇటు నిలబడి ఫోర్‌మన్ విజిల్ ఊదేవాడు. ఫోన్ ఎందుకు చేయలేదంటే, నాలుగు వందల మీటర్ల దూరానికి అది అంతర్జాతీయ కాల్. రోజలీ గారు వచ్చేది. నర్సన్న ఆమెను రోజమ్మ అనేవాడు, ఆమె ఆయన్ని ఫ్రెంచ్‌లో అయ్యగారూ అన్నట్టు మెస్యే అనేది. ఎనిమిది బ్యాటరీలు, నాలుగు చార్జర్లు, ఒక కుక్కర్ అటు వెళ్లేవి. ఆమె ఒక పలక మీద బ్యాటరీల గుర్తుగా ఎనిమిది గీతలు గీసేది. నర్సన్న తన నోటుబుక్కులో ఎనిమిది గీసేవాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, అంకెల్లో అపార్థం రాలేదు. పొద్దున ఏడింటికి నిండిన బ్యాటరీలు వచ్చేవి. కుక్కర్ కూడా వచ్చేది, ఒక్కోసారి వెళ్లినప్పటికంటే బరువుగా.

"అన్నంలో చిక్కుడు గింజలేసిందండి" అని శ్రీను ఫిర్యాదు. "కొబ్బరిపాలు కూడా పోసినట్టుంది. ఇది అన్నమో పాయసమో తెలియట్లేదు."

"తినురా. అక్కడి పప్పన్నం అనుకో" అన్నాను.

"నర్సన్న బాబాయ్ కూడా అదే అన్నాడండి. అంటూనే మూడోసారి పెట్టుకున్నాడు."

వారం తిరక్కుండా నర్సన్న బదులుగా గోంగూర పచ్చడి సీసా ఒకటి సరిహద్దు దాటించాడు. మర్నాడు రోజమ్మ రాలేదు, బ్యాటరీలు ఆమె తమ్ముడు తెచ్చాడు. ఆ మర్నాడు వచ్చి, ఖాళీ సీసా చేతికిచ్చి, ఇంకోటి ఉందా అన్నట్టు చేయి చాపింది. రెండు సంస్కృతుల కలయిక మీద అధికారికంగా నాకు తెలిసింది ఇంతే.

పని జోరందుకుంది. రోజుకు రెండు తలుపులు. చట్రం నిలబెట్టడం, కాంక్రీటులో యాంకర్ బోల్టులు దించడం, అద్దం ఎక్కించడం, సిలికాన్ పూయడం, చివర్న గొట్టంతో నీళ్లు కొట్టి కారుతోందేమో చూడటం. పదిహేనో తలుపు దగ్గర కొత్త సమస్య వచ్చింది, మాది కాదు, రోజమ్మది. ఆమె ఇంటి వెనక స్లైడింగ్ తలుపు ఏళ్లుగా ఇరుక్కుపోయి ఉందట. చక్రాలు అరిగాయి. మా వాళ్ల దగ్గర కొత్త చక్రాలు సంచీ నిండా ఉన్నాయి. నర్సన్న అరగంటలో చేసే పని. కాకపోతే తలుపు ఫ్రాన్స్‌లో ఉంది.

నేను సూచించాను, శ్రీనును పంపించు, అతనికి ఈ పట్టింపులు లేవు అని.

"వాని పాస్‌పోర్టుకు గూడ ఇంటామె ఉన్నది సార్" అన్నాడు నర్సన్న.

కాబట్టి తలుపే వచ్చింది. రోజమ్మ, ఆమె తమ్ముడు, ఆ వ్యాన్ డ్రైవరు కలిసి తలుపును ఊడదీసి మోసుకొచ్చి గీత మీద పడుకోబెట్టారు. సగం అటు, సగం ఇటు. చక్రాలేమో ఫ్రాన్స్ వైపు కొసన ఉన్నాయి. అప్పుడు నర్సన్న నుంచి నా ఉద్యోగ జీవితంలోకెల్లా క్లిష్టమైన ప్రశ్న వచ్చింది.

"సార్, కాళ్లు ఇటే ఉన్నయి. చేతులు అటు వోతె లెక్కకు వస్తదా?"

వీసా నిబంధనల్లో చేతుల ప్రస్తావన లేదు. మోచేతుల వరకు పర్వాలేదని నా అధికారం మీద అనుమతిచ్చాను. నాకు అధికారం లేదని ఆయనకూ తెలుసు, అయినా అడిగాడు. తలుపును తిప్పి పెట్టొచ్చు కదా అని నాకు తట్టింది, రెండు రోజుల తర్వాత. వాళ్లకు మాత్రం పని అయ్యాక తట్టిందట. ఆ ఫోటో నా దగ్గర ఇంకా ఉంది. నర్సన్న నెదర్లాండ్స్‌లో మోకాళ్ల మీద కూర్చుని, ఫ్రాన్స్‌లో స్క్రూ బిగిస్తుంటాడు. వెనక ఆ మేక చూస్తుంటుంది.

నలభై రెండో తలుపు ఇరవై ఆరో రోజున నిలబడింది. నీళ్ల పరీక్షలో ఒకటి కారింది, దాన్ని మళ్లీ విప్పి చేశారు. ఇరవై ఏడో రోజున రోజమ్మ భోజనానికి పిలిచింది. రారని తెలుసు కాబట్టి బల్లనే మోయించుకొచ్చి గీత దగ్గర వేసింది. తాను అటు కూర్చుంది, వీళ్లు ఇటు కూర్చున్నారు. చేప పులుసులాంటిదేదో అటునుంచి వచ్చింది, శ్రీను దానికి వంద మార్కులు వేశాడు. లేచేటప్పుడు ఆమె ఏదో చాలాసేపు మాట్లాడిందట. డ్రైవరు దాన్నంతా ఒకే వాక్యంగా ఇంగ్లిష్‌లో చెప్పాడు. మళ్లీ వచ్చేటప్పుడు రెండు వీసాలతో రమ్మంటోంది.

తిరుగు ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టులో అధికారి పాస్‌పోర్టు తిరగేస్తూ, ఫ్రెంచ్ వైపు బీచ్‌లు ఎలా ఉన్నాయని నర్సన్నను సరదాగా అడిగాడట. నర్సన్న "నో వీసా, నో గో" అన్నాడు. అధికారి తలెత్తి, అందరూ వెళ్తారే అని నవ్వాడు. నర్సన్న నవ్వలేదు. ముద్ర సగమే పడిందని చూపించి మళ్లీ వేయించుకున్నాడు.

దుబాయ్‌లో దిగాక క్యాంపు బస్సులో నేరుగా నా పోర్టా క్యాబిన్‌కు వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. పాస్‌పోర్టు తెరిచి రెండు ముద్రలూ చూపించాడు.

"చూడు సార్. పోయిన. వచ్చిన. నడుమ ఏం లేదు."

మార్చి మధ్యలో లీవ్ మీద ఊరికి వెళ్లాడు. చేరానని ఫోన్ చేశాడు. వెనక నుంచి ఆయన ఇంటామె గొంతు వినపడింది, ఎవరితోనని ఆరా తీస్తూ. అంటే ఫోన్ ఎత్తుతోందన్నమాట.

ఆ ఇరవై ఏడు రోజుల్లో గీత దగ్గర ఎవరూ ఎవర్నీ ఆపలేదు. ఒక్క పోలీసు రాలేదు, ఒక్క కాగితం అడగలేదు. ఆ లెక్కన చూస్తే నర్సన్న భయం అనవసరం, ముదీర్ చెప్పిందే నిజం. ముదీర్ పై ఆఫీసుకు పంపిన రిపోర్టులో 'సరిహద్దు, విద్యుత్ సమస్యలను మేనేజ్‌మెంట్ ముందుచూపుతో అధిగమించింది' అని ఉంది. దాని కింద సంతకం పెట్టాడు. పెన్ను మూత తీసినవాడు ఈసారి వెంటనే పెట్టలేదు.

ఈ పని వల్ల నేను నేర్చుకున్నది చెక్ లిస్టులో మూడు వరసలుగా చేర్చాను. ఇరవై మూడు, అక్కడి కరెంటు ఎన్ని వోల్టులు. ఇరవై నాలుగు, మ్యాపులో చుక్కల గీత ఉంటే అది ఏమిటో అడగాలి. ఇరవై ఐదు, నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని, ఇచ్చినవారు రాసి సంతకం పెట్టేవరకు కిందివారికి చేరవేయకూడదు. మొదటి రెండూ ఉపయోగపడ్డాయి, కొత్త కంపెనీ కూడా వాడుతోందని విన్నాను. ఇరవై ఐదో వరసను ఆ ఏడాది ఆడిట్‌లో కొట్టేశారు. ఎవరు కొట్టేశారో తెలుసుకుందామని ఫైలు చూశాను. సంతకం లేదు.